పదమూడో చుట్టు

మా బావమరిది స్తోత్రం వల్ల నేను నష్టపోయాను. ఈ మాట వాడి ఎదురుగానే అంటాను, వాడి అక్క ఎదురుగా అంటాను, ఆదివారం మందిరం మెట్ల దగ్గర ఎవరైనా "బాగున్నారా బ్రదర్" అని పలకరిస్తే వాళ్ళతోనూ అంటాను. విన్నవాళ్ళంతా నవ్వేసి వెళ్ళిపోతారు. కాగితం మీద పెడితే అలా వెళ్ళిపోలేరు కదా అని రాస్తున్నాను.

స్తోత్రం అన్నది వాడికి పెట్టిన పేరు కాదు, పడిన పేరు. అన్నం వడ్డిస్తే స్తోత్రం. బల్బు వెలిగితే స్తోత్రం. వాన పడితే స్తోత్రం, వెలిస్తే ఇంకో స్తోత్రం. సుత్తి వేలి మీద పడితే ముందు "అబ్బా" అంటాడు, ఆ వెంటనే "ఒక్క వేలే, స్తోత్రం" అంటాడు. వాడి అసలు పేరు వాడి పెళ్ళి పత్రిక మీద తప్ప నేనెక్కడా చూడలేదు.

మాది మోటార్లు వైండింగ్ చేసే షాపు. మోటారు కాలిపోయిందంటే లోపలి రాగితీగ కాలిపోయిందని అర్థం. ఆ నల్లబడ్డ తీగంతా పీకి పారేసి, కొత్త తీగను కాయిళ్ళుగా చుట్టి, ఇనుప చట్రంలో చీలికల్లా ఉండే స్లాట్లలోకి ఒక్కొక్కటీ దింపి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇస్తాం. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న మంచాన పడితే నన్ను బడి మానిపించి ఈ పనిలో పెట్టారు. అప్పటినుంచి నా చెయ్యి ఆగింది లేదు. పెళ్ళయ్యాక మా ఆవిడ తన తమ్ముణ్ణి తీసుకొచ్చి, "వీడికీ ఏదో ఒకటి నేర్పించండి, ఇంట్లో ఉంటే పాటలు పాడుతూ కూర్చుంటాడు" అంది. నేర్పించాను. వాడు ఇక్కడా పాడుతున్నాడు.

చుట్టే యంత్రం చేత్తో తిప్పేది. హ్యాండిలు ఒకసారి తిరిగితే చెక్క అచ్చు మీద తీగ ఒక చుట్టు పడుతుంది. ఒక్కో మోటారుకు ఒక్కో లెక్క. లెక్క తప్పితే మోటారు ఊరుకోదు. అందుకని మా షాపులో ఒక నియమం ఉంది. హ్యాండిలు దగ్గర కూర్చున్నవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. కొంప అంటుకున్నా సరే, అచ్చు నిండాకే చెప్పాలి. యంత్రానికి చుట్లు చూపించే చిన్న చక్రం ఒకటి ఉండేది. దాని పళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. కొత్తది వేయించలేదు, ఎందుకంటే స్తోత్రానికి దానితో పని లేదు.

వాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడు. చుట్టుకో కృతజ్ఞత చెప్పుకుంటాడు. మొదటి చుట్టు నీళ్ళకు. తర్వాత వరసగా కరెంటుకు, కంటిచూపుకు, చేతివేళ్ళకు, అమ్మకు, అక్కకు, ఇంటావిడకు, పాపకు, టీకి, నిద్రకు, ఆదివారానికి, చివరగా రక్షణకు. మొత్తం పన్నెండు. చిన్న మోటార్లకు సన్న తీగ, ఎక్కువ చుట్లు. అప్పుడు ఆ పన్నెండునే మళ్ళీ మళ్ళీ తిప్పుతాడు. పెదాలు కదులుతుంటాయి, చెయ్యి తిరుగుతుంటుంది, ముఖంలో ఏ కష్టమూ ఉండదు. పని నేర్పిన నేనే నెలకు ఒక కాయిలన్నా తప్పుతాను. వాడు తప్పింది లేదు. రాయడానికి ఒళ్ళు మండుతోంది గానీ నిజం అదే.

ఒకసారి వాడి జాబితా అంతా చెవులు రిక్కించి విన్నాను. విన్నాక అడక్కుండా ఉండలేకపోయాను.

"ఒరేయ్, పని నేర్పింది నేను. అన్నం పెట్టింది నేను. టీకి ఉన్న విలువ నాకు లేదట్రా?"

"టీ నన్ను తిట్టదు కదా బావా" అన్నాడు.

మేం ఇద్దరం పోట్లాడుకునేది ఎక్కువగా ఆదివారం గురించే. శనివారం సాయంత్రం చేతులు కడుక్కున్నాడంటే వాడు మళ్ళీ సోమవారమే కనిపించేది. నేను ఆదివారం షట్టరు సగం దించి లోపల పని చేసుకునేవాణ్ణి. నేనేం అవిశ్వాసిని కాదు. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణే, చందా ఇచ్చేవాణ్ణే. కాకపోతే కూర్చుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది.

మా సంఘంలో పాస్టరు అయ్యగారి భార్య ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. మేమంతా అమ్మగారు అంటాం. నెలకోసారి ఆరాధన అయ్యాక పక్క గదిలో కూర్చుని అందరికీ బీపీ చూస్తారు. చూసి ఊరుకోరు. కృతజ్ఞత, విశ్రాంతి, సంతోషం, ఈ మూడూ ఒంటికి ఎంత అవసరమో చెప్తారు. బీపీ కోసమని నేను వెళ్ళినప్పుడల్లా, చేతికి పట్టీ చుట్టగానే ఆవిడ ముఖం మారిపోయేది.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానండీ."

"నిద్ర?"

"ఏదో అంతంత మాత్రం."

"నీకు మాత్రతో పాటు ఒక ఆదివారం కూడా కావాలయ్యా. దేవుడంతటివాడు ఏడో రోజున పని ఆపాడు. నీ పని అంతకంటే పెద్దదా?"

"ఆయన పని ఆరు రోజుల్లో అయిపోయింది అమ్మగారూ. నాది అవ్వలేదు."

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పట్టీ విప్పి, "తర్వాతి వాళ్ళు రండి" అన్నారు.

ఇక జాగా సంగతి. మా షాపుకు ఆనుకుని ఖాళీ జాగా ఒకటుండేది. పెద్దదేం కాదు. పిచ్చిమొక్కలు, విరిగిన కుర్చీ, ఎవరో పారేసిన టైరు, అంతే. కానీ దాని కోసం నేను ఏళ్ళ తరబడి కలలు కన్నాను. మా షాపు ఇరుకు. పెద్ద మోటారు వస్తే రోడ్డు పక్కన పెట్టి విప్పాలి. వాన వస్తే పైన పట్టా కప్పాలి. ఆ జాగా నాదైతే మోటార్లు ఎత్తడానికి గొలుసు కప్పీ వేలాడదీయొచ్చు, వార్నిష్ ఆరబెట్టడానికి నిజమైన ఓవెన్ కట్టొచ్చు. ఇప్పుడు రేకుపెట్టెలో పెద్ద బల్బులు వెలిగించి ఆరబెడుతున్నాం, కోడిపిల్లల్ని పొదిగించినట్టు.

జాగా యజమాని మా వీధి చివర ఐసు ఫ్యాక్టరీ ఆయన. వెనకాల అందరూ మంచుగడ్డ అంటారు. మనిషి మాట్లాడినా చల్లగానే, నవ్వినా చల్లగానే. ఒక శుక్రవారం పొద్దున ఆయన ఫ్యాక్టరీలో పెద్ద మోటారు కాలిపోయింది. నలుగురు మనుషులు ట్రాలీ మీద వేసుకుని తోసుకొచ్చారు. వెనకే ఆయన నడుచుకుంటూ వచ్చాడు.

"సోమవారం పొద్దున్నకల్లా నా ఐసు దిగాలి. చేపలవాళ్ళు బుట్టలు పట్టుకుని గేటు ముందు నిలబడతారు."

"టైము చాలదండీ."

"చాలితే ఆ పక్క జాగా నీ పేర రాసిస్తా. పాత రేటుకే. చాలకపోతే చెప్పు, సెల్‌ఫోన్ల కొట్టు అతను ఎప్పటినుంచో నా చుట్టూ తిరుగుతున్నాడు."

"చాలుతుంది సార్" అన్నాను. నా నోరు నాకంటే ముందు మాట్లాడింది.

శుక్రవారమంతా కాలిన తీగ పీకడానికే సరిపోయింది. పాత కాయిలు ఒకటి కోసి లెక్కపెడితే పన్నెండు చుట్లు. అంత పెద్ద మోటారుకు లావు తీగ, తక్కువ చుట్లు. స్తోత్రం మురిసిపోయాడు.

"బావా, సరిగ్గా నా లెక్కే. ఒక్కసారి చెప్పుకుంటే ఒక కాయిలు."

"మురిసింది చాలు. ఇలాంటి మోటారులో ఒక చుట్టు తేడా వచ్చిందంటే కొంప మునుగుతుంది. జాగ్రత్త."

"నేనెప్పుడు తప్పాను బావా?"

అదే నెలలో నాకు ఇంకో తలనొప్పి ఉంది. నిజానికి మెడనొప్పి. మెడ పక్కన ఒక గడ్డ లేచింది. డాక్టరు చూసి, సూది పెట్టి కొంచెం ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఎవరికీ చెప్పొద్దని మా ఆవిడకు గట్టిగా చెప్పాను. రిపోర్టు శనివారం వస్తుందన్నారు. నేను తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి చాలినంత పెద్ద మోటారు నా ముందు ఉంది.

శనివారం పొద్దున స్తోత్రం హ్యాండిలు దగ్గర కూర్చున్నాడు. కరెంటు మూడు తీగల్లో వస్తుంది కాబట్టి ఈ మోటార్లలో కాయిళ్ళు మూడు వాటాలుగా ఉంటాయి. మూడు వాటాలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండాలి. వాడు రెండు వాటాలు చుట్టేసి, వరసగా గోడకు తగిలించాడు. మూడో వాటా మొదటి కాయిలు మొదలుపెట్టాడో లేదో మా ఆవిడ వచ్చింది. ఎండలో నడిచొచ్చినట్టుంది, ఊపిరి ఆడటం లేదు. చేతిలో కవరు.

"ఏమండీ, రిపోర్టు వచ్చింది. ఏం లేదట! ఉత్త కొవ్వు గడ్డట. డాక్టరు నవ్వారు కూడా."

"సరే."

"సరే ఏంటండీ? రాత్రుళ్ళు కప్పు చూస్తూ పడుకున్నది నేను ఒక్కదాన్నేనా?"

"వాడు చుడుతున్నాడు. అరవకు."

"మా తమ్ముడికి వినపడితే తప్పేంటి? సొంతవాడు కాదా?"

"గడ్డ గురించి వాడికి తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా" అంది.

ఖాళీ తీగ డ్రమ్ము మీద కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ డ్రమ్ము మీదే కూర్చుని నవ్వింది. ఆడవాళ్ళకు ఈ రెండూ ఒకే సంచీలో ఉంటాయి. నేను స్తోత్రం వైపు చూశాను. వీపు మా వైపే ఉంది. హ్యాండిలు ఆగలేదు. పెదాలు కదులుతూనే ఉన్నట్టుంది. "చూడు, బావ చస్తాడో బతుకుతాడో అన్న సంగతి వింటూ కూడా వీడి చెయ్యి ఆగలేదు" అనుకున్నాను. నియమం పెట్టింది నేనే అన్నది అప్పుడు గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి కాయిళ్ళన్నీ చుట్టడం అయిపోయింది. వాడు చేతులు కడుక్కున్నాడు.

"స్లాట్లలోకి దింపడం ఉంది కదరా. రేపొక్కరోజు రా."

"రేపు ఆదివారం బావా."

"జాగా పోతుందిరా."

"సోమవారం చీకటితోనే వస్తాను. దింపడం నువ్వు చేసి ఉంచితే, నేనొచ్చి కాయిళ్ళ కొసలు కలిపి, ఉత్తినే ఒకసారి తిప్పి మీటరు పెట్టి చూస్తాను. మూడు తీగల్లోనూ కరెంటు సమానంగా ఉందంటే పంపించేద్దాం. అప్పటికి చేపలవాళ్ళు ఇంకా లేవరు."

గుమ్మం దగ్గర ఆగి నా మెడ వైపు చూశాడు. ఏదో అనబోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. వెళ్ళిపోయాడు.

కాయిళ్ళు దింపడం మొదలుపెట్టాను. రెండు వాటాలు వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి. మూడో వాటా మొరాయించింది. చెక్కపుల్లతో నొక్కినా స్లాటు మూత పడటం లేదు. తీగ ఈసారి లావుగా వచ్చింది కాబోలని తీగ కంపెనీవాడి వంశాన్నంతా తిట్టి, చెక్క సుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెట్టాను.

ఆదివారం పొద్దున వార్నిష్ పోసి రేకుపెట్టెలో పెట్టాను. షట్టరు సగం దించి ఉంది. ఆరాధన అయ్యాక మనుషులు ఇళ్ళకు పోతున్న అలికిడి వినిపించింది. ఒక జత చెప్పులు షట్టరు ముందు ఆగాయి.

"లోపల ఎవరయ్యా? దొంగవా, మా సంఘస్తుడివా?"

అమ్మగారు.

"సంఘస్తుణ్ణే అమ్మగారూ."

"దొంగే నయం. వాడైనా పగటిపూట పడుకుంటాడు."

చెప్పులు కదల్లేదు.

"మీ ఆవిడ లేచి నీ రిపోర్టు గురించి సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మీ బావమరిది పాట ఎత్తుకున్నాడు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. మనిషి మాత్రం ఆగలేదు."

"నా మెడ సంగతి ఊరంతా చెప్పిందన్నమాట."

"నీ మెడ సంగతి కాదయ్యా, నీ ప్రాణం సంగతి. పక్కన కూర్చుని వినాల్సింది నువ్వు. ఎంత మంచి వార్త వచ్చింది నీకు! ఒక్క పూట దాన్ని అనుభవించవా? తిని పడుకో. లేచాక కాసేపు నవ్వు. ఖర్చేం లేదు."

"మోటారు ఆరాలి అమ్మగారూ."

"మోటారుకు ఆరడానికి టైమిస్తున్నావు కదా. మంచిదే" అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఆవిడ వెటకారంగా అన్నారో మామూలుగా అన్నారో నాకిప్పటికీ తెలీదు.

వార్నిష్ గోరుకు అంటుకోకుండా అయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. సోమవారం దాకా ఆగి, స్తోత్రం వచ్చి, మీటరు పెట్టి, అప్పుడు ట్రాలీ ఎక్కించి... అంత ఓపిక నాకు లేదు. కలపడం నాకూ వచ్చు. కలిపాను. ఫ్యాక్టరీ మనుషుల్ని పిలిచి ట్రాలీ మీద తోయించుకుని వెళ్ళి, బిగించి, స్విచ్ వేయించాను. మోటారు తిరిగింది. మంచుగడ్డ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

అక్కడి ఆపరేటరు చెవి దగ్గర పెట్టి విన్నాడు. "అన్నా, ఏదో మోత వస్తోంది. ముందు ఇలా ఉండేది కాదు."

"కొత్త కాయిళ్ళు. సర్దుకుంటాయి."

"మాటంటే మాటే" అన్నాడు మంచుగడ్డ. "రేపు మధ్యాహ్నం కాగితం తెస్తా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో పక్క జాగా దగ్గర ఆగాను. గొలుసు కప్పీ ఎక్కడ వేలాడదీయాలో, ఓవెన్ తలుపు ఎటు తెరుచుకోవాలో చూసుకున్నాను. విరిగిన కుర్చీని కాలితో ఒక మూలకు తోశాను. నా సొంత జాగాలో పని మొదలుపెట్టినట్టే అనిపించింది.

సోమవారం చీకటితో స్తోత్రం షాపుకొచ్చి, మోటారు లేకపోవడం చూసి నాకు ఫోన్ చేశాడు. "ఇచ్చేశానురా" అన్నాను గొప్పగా. "సరే బావా" అని పెట్టేశాడు. నేను పళ్ళు తోముకుంటుండగా ఫ్యాక్టరీ ఆపరేటరు ఫోన్ చేశాడు. చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. వెళ్ళేసరికి గేటు ముందు చేపలవాళ్ళు, లోపల పొగ. కాలిన వార్నిష్ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే అన్నం తినేటప్పుడు కూడా వదలదు.

మోటారు మళ్ళీ మా షాపు ముందుకొచ్చింది. స్తోత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మీటరు పెట్టి చూశావా అని వాడు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, ఇద్దరం అరుచుకునేవాళ్ళం. మూత విప్పాను. రెండు వాటాలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మూడో వాటా బొగ్గు. పచ్చగా ఉన్నదాంట్లోంచి ఒక కాయిలు కోసి లెక్కపెట్టాను. పన్నెండు. మాడినదాంట్లోంచి ఒకటి కోశాను. పదమూడు. ఇంకోటి కోశాను. పదమూడు.

"ఒరేయ్, ఇటు రా. లెక్కపెట్టు."

వాడు లెక్కపెట్టాడు. ముఖం పాలిపోయింది.

"ఎలా వచ్చిందిరా ఇది? నేనెప్పుడు తప్పాను బావా అన్నావుగా, చెప్పు."

వాడు కళ్ళు మూసుకుని గాల్లో హ్యాండిలు తిప్పుతూ గొణుక్కోవడం మొదలుపెట్టాడు. నీళ్ళకు, కరెంటుకు, చూపుకు, వేళ్ళకు, అమ్మకు, అక్కకు. అక్కడ చెయ్యి ఆగింది. కళ్ళు తెరిచాడు.

"బావకు" అన్నాడు.

"ఏంటీ?"

"అక్క వచ్చి చెప్పింది కదా, ఏం లేదని. అప్పుడు పడినట్టుంది. అక్క పక్కనే వచ్చి కూర్చున్నావు. నాకే తెలీలేదు బావా. ప్రతి కాయిలుకీ చెప్పుకున్నాను. వాటా అంతా చెప్పుకున్నాను."

నా దగ్గర తిట్లకు ఎప్పుడూ కరువు లేదు. ఆ పూట వెతికితే ఒక్కటీ దొరకలేదు. చేతిలో మాడిన తీగముక్క ఉంది. దాన్నే వంచుతూ, మళ్ళీ సాగదీస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం మంచుగడ్డ వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. ఆయన మాట తప్పే మనిషి కాదు, అది మాత్రం చెప్పాలి. మోటారు వైపు చూశాడు, మా ఇద్దరి వైపు చూశాడు.

"పొరపాటు ఎవరిది?"

"నాదే సార్. లెక్క తప్పాను" అన్నాడు స్తోత్రం.

"లెక్క తప్పడమేంటి? ఉన్నవే పన్నెండు. చిన్నపిల్లలు కూడా లెక్కపెడతారు."

వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు, నీళ్ళ దగ్గర్నుంచి రక్షణ దాకా, మధ్యలో నాతో సహా. మంచుగడ్డ అంతా విన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లాంటిది ఏదో కదిలింది గానీ బయటికి రాలేదు.

"మీ కుటుంబం ప్రార్థనలకు నా ఐసు కరగాలా?" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీకో మాట చెప్తా విను. నీ పని నాకు తెలుసు. చేపలవాళ్ళకు బయటి నుంచి ఐసు తెప్పించి సర్దుతా. బుధవారం దాకా టైమిస్తా. జాగా కూడా ఇస్తా. కానీ ఇతను ఉండకూడదు. రేపు నా ఇంకో మోటారు నీకిచ్చి, దాంట్లో ఇతను ఇంకెవరికో స్తోత్రం చెప్పుకుంటే? మావాడొకడున్నాడు, వైండింగ్ నేర్చుకున్నవాడు. అతన్ని పెట్టుకో."

స్తోత్రం పనిముట్లు తుడిచి వరసగా పెట్టడం మొదలుపెట్టాడు. పోవడానికి సిద్ధపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను కిటికీలోంచి పక్క జాగా చూశాను. నిన్న మూలకు తోసిన కుర్చీ అక్కడే ఉంది. ఇప్పటికీ నాకు అంతుపట్టని సంగతి ఒకటే. సరే అనడానికే నోరు తెరిచాను.

"మీవాడు ఎలా లెక్కపెడతాడు సార్?" అన్నాను.

"ఎలా ఏంటి? ఒకటి, రెండు, మూడు. అందరూ అలాగే కదయ్యా లెక్కపెట్టేది."

"మా షాపులో అలా కాదండీ."

ఆయన నన్ను చూశాడు. నేను వెర్రివాణ్ణని తేల్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మోటారు మాత్రం చేసివ్వండి" అని వెళ్ళిపోయాడు.

స్తోత్రం నా దగ్గరికొచ్చాడు. "బావా, జాగా..."

"నోరు మూసుకుని తీగ తియ్యి."

మా ఆవిడ అన్నం క్యారియరు తెచ్చేసరికి ఇద్దరం కాలిన తీగ పీకుతున్నాం. ఏం జరిగిందని అడిగింది. వాడు చెప్పాడు. చెప్తూ చెప్తూ "బావకు" అన్న దగ్గర వాడికే నవ్వొచ్చింది. ఆవిడ గుమ్మం పట్టుకుని మరీ నవ్వింది. "అంటే మోటారు కాలింది మీకోసమా అండీ?" అని ఒకసారి అడిగి, జవాబు వినకుండా మళ్ళీ నవ్వింది. నాకు నవ్వు రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, ఆపుకోబోతే పొట్టలోంచి వచ్చింది. చివరికి మోటారు మీద చెయ్యి ఆనించి నిలబడాల్సి వచ్చింది. జాగా పోయిన రోజున మనిషి అలా నవ్వడమేమిటో.

అన్నం తిన్నాక వాడు హ్యాండిలు దగ్గర కూర్చున్నాడు.

"ఈసారి పన్నెండే" అన్నాను. "నన్ను తీసెయ్."

తల ఊపి మొదలుపెట్టాడు. నేను వెనక నిలబడి విన్నాను. నీళ్ళకు, కరెంటుకు, చూపుకు, వేళ్ళకు, అమ్మకు, అక్కకు, బావకు. అరవబోయాను గానీ నియమం నియమమే. అచ్చు నిండేదాకా పళ్ళు బిగబట్టుకుని ఆగాను. కాయిలు తీసి లెక్కపెట్టాను. పన్నెండే ఉన్నాయి.

"ఏది తీసేశావురా?"

"నిద్రని. రేపు సాయంత్రం దాకా మనకు ఎలాగూ ఉండదు కదా బావా. మోటారు ఇచ్చేశాక మళ్ళీ కలుపుతా."

"కలిపితే మళ్ళీ పదమూడవుతుంది కదరా వెధవా."

"టీ గురించి ఆలోచిస్తున్నాను" అన్నాడు గంభీరంగా.

మంగళవారం సాయంత్రం మీటరు పెట్టి చూశాం. మూడు తీగల్లోనూ కరెంటు సమానం. మోటారు పిల్లిలా తిరిగింది. మంచుగడ్డ మనిషిని పంపి తీసుకుపోయాడు, తను రాలేదు. పక్క జాగాలో పిచ్చిమొక్కలు కొట్టించడం ఆ వారంలోనే మొదలైంది. సెల్‌ఫోన్ల కొట్టు అతను మా గోడకు ఆనించి గోడ లేపాడు. మా కిటికీ మూసుకుపోయింది. ఇప్పుడు పగలు కూడా లైటు వేసుకుని పని చేస్తున్నాం.

ఆ తర్వాతి ఆదివారం నేను షట్టరు ఎత్తలేదు. విశ్రాంతి కోసమని ఎవరూ అనుకోవద్దు. ఎత్తితే పక్కన ఇటుకలు పేర్చే చప్పుడు వినాల్సి వస్తుందని ఎత్తలేదు. మందిరంలో చివరి బల్ల మీద కూర్చున్నాను. ఇంటికొచ్చి తిని మంచమెక్కాను. లేచేసరికి దీపాలు పెట్టేశారు. నిద్రలో గుర్రు పెట్టానని మా ఆవిడ అంది. నెల తిరిగాక అమ్మగారు చేతికి పట్టీ చుట్టి అంకె చూసి, మళ్ళీ చూసి, "ఏం చేశావయ్యా?" అన్నారు. "నష్టపోయానండీ" అన్నాను. ఆవిడ కూడా నవ్వారు.

అందరూ నవ్వుతారని ముందే చెప్పాను. మెడ మీద గడ్డ ఉంది, నొప్పి లేదు. వాడి లెక్కలో నేను ఇంకా ఉన్నాను. ఏది తీసి నన్ను ఉంచాడో అడగడం మానేశాను. యంత్రానికి కొత్త చక్రం వేయించాను, దాన్ని వాడు చూడడు, నేను చూస్తాను. ఇవన్నీ ఎవరికి వాళ్ళు ఎలాగైనా లెక్కేసుకోవచ్చు. నా లెక్క మాత్రం ఎవరూ కొట్టిపారేయలేనిది, టేపు పట్టి కొలిచినది. నేను పోగొట్టుకున్న జాగా వెడల్పు తొమ్మిది అడుగులు, పొడవు ఇరవై రెండున్నర అడుగులు.